తప్పు అమ్మది కాదు

తమ్ముడికి డౌన్ సిండ్రోమ్ అని తెలియగానే చుట్టాలు అమ్మని అడిగిన మొదటి మాట: "గ్రహణం రోజు బయటికొచ్చావా?" ఆ మాట అమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇంటర్ బైపీసీలో క్షయకరణ విభజన, అదే మియాసిస్, చదువుతుంటే నాకు విషయం అర్థమైంది. మన కణాల్లో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు. అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడు మాత్రం కణం వరసగా రెండుసార్లు విడిపోతుంది. ఒక్కో జత నుంచి ఒక్కటే అందులోకి వెళ్లాలి. ఎప్పుడైనా 21వ జత విడిపోకపోతే రెండూ ఒకే అండంలో ఉండిపోతాయి. నాన్న వైపు నుంచి వచ్చేది కలిస్తే మూడు. మొత్తం 47. డౌన్ సిండ్రోమ్‌కి చాలావరకు కారణం ఇదే. ఈ అదనపు క్రోమోజోము సంగతి 1959లోనే బయటపడింది.

ఇంకో విచిత్రం. అమ్మ అండాల్లో ఈ విభజన మొదలైంది తను అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే! మధ్యలో ఆగి, ఏళ్ల తర్వాత అండం విడుదలయ్యే ముందు మళ్లీ కదులుతుంది. ఇందులో ఎవరి తప్పుందని?

ఆ రాత్రి నోట్‌బుక్‌లో బొమ్మ గీసి అమ్మకి చూపించా. చాలాసేపు చూసింది.

"మరి గ్రహణం?"

"దానికీ దీనికీ సంబంధమే లేదమ్మా."

అమ్మ కళ్లు తుడుచుకుంది. తమ్ముడు మాత్రం స్కెచ్‌పెన్ తెచ్చి నా క్రోమోజోములకి రంగులేయడం మొదలెట్టాడు.