మరలా విన్న నాదస్వరం

చదివిన కావ్యమే మరలా చదివినప్పుడు కొత్త అర్థం స్ఫురిస్తుంది. విన్న కచేరీ విషయమూ అంతే. షేక్ చినమౌలానా గారు వయసు మళ్లిన రోజులలో వాయించిన ఒక కచేరీ ధ్వనిముద్రణను నర్సీపట్నంలో ఇటీవల మరలా విన్నాను.

నేటి ప్రకాశం జిల్లాలోని కరవదిలో 1924లో జన్మించిన ఆయన, తంజావూరు బాణీని సాధించి శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఇస్లాం మతస్థుడై ఉండియు రంగనాథుని భక్తునిగా జీవించారు. 1977లో పద్మశ్రీ పురస్కారం, 1998లో సంగీత కళానిధి బిరుదు ఆయనను వరించాయి. 1999లో పరమపదించారు.

యౌవనంలో ఈ కచేరీలోని స్వరాల వడి నన్ను ముగ్ధుణ్ణి చేసింది. ఇప్పుడు ఆయన ఊపిరి వినిపిస్తున్నది. రాగాలాపనలో ఒక స్వరంపై నిలిచి, ఆయన శ్వాస తీసుకొనే రెప్పపాటు విరామంలో డోలు మెల్లగా పలికి తప్పుకొంటుంది. శ్రోతలలో ఎవరో అప్రయత్నంగా ‘ఆహా’ అంటారు. మూసిన గదిలో చేసే ముద్రణలో ఈ సవ్వడులకు చోటుండదు. ఇక్కడ అవే ప్రాణం. నాదస్వరం వలెనే రెల్లుపీకతో, మనిషి ఊపిరితో పలికే వాద్యం సాక్సోఫోన్. జాజ్ రసికులు వృద్ధ విద్వాంసుల ప్రత్యక్ష కచేరీల ముద్రణలను మరల మరల వినడం కూడా ఇందుకే.

వయసు ఊపిరిని తగ్గించవచ్చు. దానిని ఎక్కడ వెచ్చించాలో తెలిసిన వివేకాన్ని తగ్గించలేదు. మన పెళ్లిపందిళ్లలో మ్రోగే సన్నాయి వెనుక కూడా ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంటుంది. మాటలు ఆపి ఒక్క కీర్తనను చివరిదాకా వినండి. ఆ విద్వాంసునికి మనమిచ్చే తొలి సంభావన అదే.