లప్పం కింద తుప్పు

గండిపేట గేట్లు ఎత్తారంటే నార్సింగి–మంచిరేవుల రోడ్డు మీదికి మూసీ వచ్చేస్తుంది, పోలీసులు దారి మూసేస్తారు. మూసేలోపే చక్రాలు సగం మునిగే నీళ్లలోంచి బండి దాటించి, ఇంటికొచ్చి నాలుగు బకెట్ల నీళ్లు కొట్టి పనైపోయిందనుకునేవాళ్లున్నారు. పాత వ్యానుకైతే అసలు పని అప్పుడే మొదలు.

మారుతి ఓమ్ని సంగతే చూడండి. 1984లో మార్కెట్లోకి వచ్చి, 2019లో తయారీ ఆగిపోయిన ఈ 796 సీసీ బండి క్యాటరింగ్ గిన్నెలకీ కూరగాయల బుట్టలకీ ఇప్పటికీ దిక్కు. తుప్పు దాన్ని పట్టే చోట్లు ముసలి మెకానిక్కులందరికీ తెలిసినవే: పక్కకు జరిగే తలుపు పట్టాలు, చక్రాల పైవంపులు, ముందద్దం రబ్బరు మూలలు, మ్యాట్ కింద ఫ్లోరు. అన్నీ చెమ్మ ఆరని చోట్లే.

తుప్పుకు నీరూ ఆక్సిజనూ రెండూ కావాలి. అలాగని బురద కప్పిన చోట గాలాడదు కాబట్టి రేకు భద్రం అనుకుంటే తప్పే. చుట్టుపక్కల కన్నా ఆక్సిజన్ తక్కువ అందే ఆ చోటే ముందు కరుగుతుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది. పెయింట్ పొక్కులా లేచేది అందుకే. పొక్కు కంటపడేసరికి కింద రేకు చిల్లు దాకా వచ్చి ఉండొచ్చు.

ఒక రకంగా నార్సింగి బండిది అదృష్టమే. విశాఖ బండికి సముద్రపు గాలి. షికాగో, టొరంటో తెలుగువాళ్ల బండికి చలికాలం రోడ్డు మీద చల్లే ఉప్పు. ఉప్పునీళ్లలో తుప్పు పరుగెడుతుంది. ఇక్కడ ఆ బెడద లేదు. మనం చేజేతులా తెచ్చుకునేది వేరే ఉంది: లప్పం.

అమ్మకానికి పెట్టే ముందు పొక్కు గోకి, లప్పం మెత్తి, ఎమరీ పేపర్ పట్టి రంగేస్తే వ్యాను పెళ్లికొడుకులా తయారవుతుంది. లోపల తుప్పు మాత్రం పని ఆపదు.

సరైన వైద్యం కాస్త మొరటుగానే ఉంటుంది. వైర్ బ్రష్షుతోనో గ్రైండరుతోనో రేకు తెల్లగా మెరిసేదాకా గీకాలి. బ్రష్షు అందని గుంతల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూస్తే, మిగిలిన తుప్పు ఐరన్ ఫాస్ఫేట్ పొరగా మారుతుంది. ఢిల్లీ మెహ్రౌలీ ఇనుప స్తంభం దాదాపు 1,600 ఏళ్లుగా నిలబడటంలో రహస్యం దాని ఇనుములోని ఫాస్ఫరస్ వల్ల ఏర్పడిన ఫాస్ఫేట్ పొరేనని ఐఐటీ కాన్పూర్‌కు చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. మన డబ్బాలోని మందుకు అంత ఆయుష్షు లేదు. దాని మీద ఎపాక్సీ ప్రైమర్, ఆపైన పెయింట్ పడాల్సిందే. ఉత్త ప్రైమర్‌తో వదిలేయొద్దు.

చిల్లు పడితే కుళ్లిన రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేయించాలి. ముందు బ్యాటరీ వైరు తీయించండి. గ్యాస్ కిట్ ఉన్న బండైతే సిలిండర్ దించకుండా వెల్డింగ్ దగ్గరికే రానివ్వొద్దు. సీటు బెల్టు బోల్టుల దగ్గర, సస్పెన్షన్ బిగించే చోట్ల, బ్రేకు పైపుల మీద తుప్పు కనిపిస్తే అది అందం విషయం కాదు, ప్రాణం విషయం.

రాకుండా చూసుకోవడానికి ఖర్చు తక్కువే. తలుపుల అడుగున నీళ్లు జారే చిన్న రంధ్రాలుంటాయి. వానాకాలానికి ముందు సన్నని తీగతో వాటిలోని మట్టి తీస్తే చాలు. నీళ్లలో తిరిగొచ్చాక అడుగుభాగం కడిగించి, మ్యాట్లు తీసి, తలుపులు బార్లా తెరిచి ఎండలో పెట్టాలి. అడుగున పాత ఇంజిన్ ఆయిల్ పూయమనే సలహా చాలా షెడ్లలో ఇస్తారు. వినకండి, అది రబ్బరు బుష్షులను పాడుచేస్తుంది, కారి నేలనూ పాడుచేస్తుంది. మైనం కోటింగ్ మేలు, అదీ పూర్తిగా ఆరిన రేకు మీదే.

పాత వ్యాను కొనబోయేవాళ్లు చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. లప్పం మందంగా ఉన్న చోట అది పట్టుకోదు. కింది అంచుల వెంట రెండు మూడు చోట్ల అలా జారిపోతే బేరమాడకుండా వచ్చేయండి.