మూడు గంటలకు ఆగిపోయే కాగితం

అమెరికాలో ప్రాథమిక పాఠశాలల చివరి గంట మధ్యాహ్నం మూడింటికి అటూ ఇటూగా మోగుతుంది. అమ్మానాన్నల ఉద్యోగాలు అయిదున్నరకో ఆరింటికో గానీ వదలవు. నడుమ మిగిలే ఆ రెండు మూడు గంటల్ని ఇక్కడి తెలుగు కుటుంబాలు రకరకాలుగా సర్దుకుంటాయి. ఊరి నుంచి అమ్మమ్మో నానమ్మో వచ్చి ఉన్న ఆరు నెలలూ బెంగ ఉండదు. గడువు ముగిసి ఆవిడ విమానం ఎక్కిన మర్నాటి నుంచి ఆఫ్టర్‌స్కూల్ తప్పదు. ఏ పిల్లలకైనా ఈ మార్పు కష్టమే. ఆటిజం, ఏడీహెచ్‌డీ, మాట ఆలస్యం, మూర్ఛ, మధుమేహం వంటివి ఉన్న పిల్లలకు మరీ కష్టం. ఈ పిల్లలకు ఆ గంటల్లో దొరకవలసిన ఆసరా గురించి మాట వస్తే చర్చ డబ్బు దగ్గరో, శిక్షణ ఉన్న సిబ్బంది దగ్గరో మొదలవుతుంది. అవి రెండూ ముఖ్యమే. కానీ వాటికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటి ఉందని నా అభిప్రాయం. ఆ పిల్లవాడి గురించి బడికి తెలిసిన సంగతులు మూడింటి తర్వాత వాణ్ణి చూసుకునేవాళ్ళకు చేరుతున్నాయా? చాలాచోట్ల చేరడం లేదు. మిగతా ఇబ్బందుల్లో పెద్దభాగం అక్కడి నుంచే పుడుతోంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఇక్కడి ప్రభుత్వ బడి ఒక కాగితం రాస్తుంది. 1975లో వచ్చి, 1990లో ఐడీఈఏ అనే ఇప్పటి పేరు పెట్టుకున్న చట్టం కింద రాసేది ఐఈపీ, అంటే వ్యక్తిగత విద్యా ప్రణాళిక. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ కింద రాసేది 504 ప్లాన్. ఐడీఈఏ కింద సేవలు అందుకుంటున్నవారే 2022-23 విద్యా సంవత్సరంలో దాదాపు 75 లక్షల మంది; ప్రభుత్వ బడి పిల్లల్లో సుమారు 15 శాతం. ఆ కాగితంలో లక్ష్యాలూ పరీక్షల మార్కులే కాదు, రోజూ అక్కరకొచ్చే చిన్న చిన్న సంగతులూ ఉంటాయి. ఆట ఆపి పుస్తకం తీయమనే ముందు అయిదు నిముషాలు ముందుగా చెప్పాలని, పెద్ద చప్పుడైతే చెవులకు హెడ్‌ఫోన్స్ ఇవ్వాలని, ఒకేసారి మూడు పనులు చెప్పకూడదని. బడి దాన్ని అందరికీ చూపించడానికి వీల్లేదు. పిల్లల రికార్డుల గోప్యత కోసం 1974లో చేసిన ఫెర్పా చట్టం ప్రకారం, బయటి సంస్థకు ఆ వివరాలు ఇవ్వాలంటే సాధారణంగా తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. చాలా బడుల్లో ఆఫ్టర్‌స్కూల్ నడిపేది బయటి సంస్థలే. జరిగేది అదే భవనంలో, అదే జిమ్‌లో; వచ్చేది అదే పిల్లవాడు; కాగితం మాత్రం బీరువాలోనే ఉంటుంది. గోప్యత మంచిదే. అయితే దాని తాళంచెవి తమ చేతిలోనే ఉందని తల్లిదండ్రులు గుర్తించకపోతే ఆ బీరువా ఎప్పటికీ తెరుచుకోదు.

ఇక మూడింటి తర్వాతి వేళ ఈ పిల్లలకు ఎలాంటిదో చూడండి. రోజంతా తరగతిలో తమను తాము బిగబట్టుకుని కూర్చున్న పిల్లలు అప్పటికి అలసిపోయి ఉంటారు. ఏడీహెచ్‌డీకి పొద్దున వేసుకున్న మందు ప్రభావం చాలామందిలో సాయంత్రానికి తగ్గుముఖం పడుతుంది. కొందరిలో చిరాకు, తొందరపాటు అప్పుడే ఎక్కువవుతాయి. తరగతి గదిలో ఉండే క్రమం ఇక్కడ ఉండదు. చిరుతిండి, ఆట, హోంవర్క్, మళ్ళీ ఆట, మధ్యలో ఎవరి అమ్మో నాన్నో వచ్చి ఒకరిని తీసుకెళ్ళడం. పైకప్పు ఎత్తుగా ఉన్న జిమ్‌లో బంతుల చప్పుడు. బడిలో పక్కనే ఉండే సహాయకురాలి డ్యూటీ అప్పటికే అయిపోయి ఉంటుంది. చూసుకునేవాళ్ళలో చాలామంది కాలేజీలో చదువుకుంటూ పార్ట్‌టైం పనిచేసే కుర్రవాళ్ళు. కాలిఫోర్నియాలో ప్రభుత్వ నిధులతో నడిచే కార్యక్రమాల్లో కూడా పెద్ద పిల్లల విషయంలో ఇరవై మందికి ఒకరు ఉంటే నియమం ప్రకారం చాలు. ఆ ఒక్కరికి ఏమీ చెప్పకుండా పిల్లవాణ్ణి అప్పగిస్తే, చెవులు మూసుకుని బల్ల కింద దూరినవాడు మొండివాడిగా కనిపిస్తాడు. పిలిస్తే తల తిప్పనివాడు పొగరుబోతుగా కనిపిస్తాడు. నాలుగు ఫిర్యాదులయ్యాక "మా దగ్గర కుదరదండీ" అన్న కబురు వస్తుంది. సంగతి తెలిసినవాళ్ళకు అదే ఘట్టం వేరుగా అర్థమవుతుంది. అప్పుడు కావలసినవి కొన్నే: గోడ మీద బొమ్మలతో వేసిన ఆ రోజు పనుల వరుస, ఓ మూల రెండు దిండ్లు పరిచిన నిశ్శబ్దమైన చోటు, ఆట ముగిసే ముందు ఒక మాట. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. ఎవరికి ఏది కావాలో తెలియడమే కావాలి.

చెబితే చేర్చుకోరేమోనన్నది తల్లిదండ్రుల మొదటి భయం. దానికి ఆధారం లేకపోలేదు. కానీ చట్టం ఎక్కడ నిలబడిందో తెలుసుకుంటే ఆ భయం కొంత తగ్గుతుంది. 1990 నాటి ఏడీఏ, అంటే వికలాంగుల హక్కుల చట్టం, ప్రైవేటు పిల్లల సంరక్షణ కేంద్రాలకూ వర్తిస్తుంది. వైకల్యం పేరు వినగానే కాదనడం కుదరదు. ఆ పిల్లవాణ్ణి విడిగా చూసి, చిన్న మార్పులతో కార్యక్రమంలో ఇమడగలడా అని పరిశీలించాలి. వైకల్యం ఉందని అదనపు ఫీజు అడగకూడదు. బీమా ఖర్చు పెరుగుతుందన్న సాకు చెల్లదు. కార్యక్రమం స్వరూపమే మారిపోయేంత మార్పును, మోయలేనంత భారాన్ని, ఇతరులకు నిజమైన ప్రమాదాన్ని మాత్రం చట్టం మినహాయించింది. బడులే నడిపే కార్యక్రమాలకైతే 504వ సెక్షనూ తోడుగా ఉంది. క్లబ్బులు, ఆటల్లో కూడా ఈ పిల్లలకు సమాన అవకాశం ఉండాలని ఐడీఈఏ నిబంధనలు చెబుతున్నాయి. 2010లో మిన్నెసోటా సుప్రీంకోర్టు, ఐఈపీ రాసేటప్పుడు చదువుతో నేరుగా సంబంధం లేని క్లబ్బులు, ఆటలను కూడా లెక్కలోకి తీసుకోవాలని తీర్పు ఇచ్చింది. ఇంత చట్టం ఉన్నా అది తలుపు మాత్రమే తెరవగలదు. లోపలికి వెళ్ళిన పిల్లవాడితో ఎలా మాట్లాడాలో ఏ న్యాయమూర్తీ చెప్పలేడు. అది ఇంట్లోవాళ్ళే చెప్పాలి.

రెండో భయం మన సొంతం. "నలుగురికీ తెలిస్తే ముద్ర పడిపోతుంది" అన్నది. అపార్ట్‌మెంట్‌లో సగం కుటుంబాలు మనవాళ్ళవే అయినచోట, ఆఫ్టర్‌స్కూల్‌లో అన్న మాట వారాంతం విందులోకి చేరిపోతుందన్న శంక ఉంటుంది. పెళ్ళి సంబంధాల దాకా ఆలోచించే తాతయ్యలూ ఉంటారు. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేయను; ముద్ర వేసే అలవాటు నిజంగానే మనలో ఉంది. కానీ దాచడం వల్ల కలిగే మేలు ఎంత? అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2025లో ప్రకటించిన లెక్కల ప్రకారం, అది గమనించే ప్రాంతాల్లో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 31 మందికి ఒకరికి ఆటిజం ఉన్నట్టు గుర్తించారు. శ్వేతజాతి పిల్లల్లో వెయ్యికి 28 మంది దాకా ఉంటే, ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలున్న పిల్లల్లో 38 మంది. ఆసియా అంటే తెలుగువాళ్ళు మాత్రమే కాదు. అయినా ఇది మన ఇళ్ళ చుట్టుపక్కల లేని విషయం అనుకోవడానికి ఈ లెక్కల్లో చోటు లేదు. పైగా, పిల్లవాడి ప్రవర్తన ఎలాగూ నలుగురికీ కనిపిస్తుంది. కారణం దాచితే వాళ్ళే ఒక కారణం కల్పించుకుంటారు, అది దాదాపు ఎప్పుడూ పెంపకం మీదికి, అందులోనూ తల్లి మీదికి పోతుంది. ఇంకో సంగతి: చెప్పవలసింది రోగనిర్ధారణ పేరు కానక్కర్లేదు. "మా అబ్బాయికి హఠాత్తుగా ఎవరైనా ముట్టుకుంటే నచ్చదు; కోపం వస్తే మాట్లాడించకుండా అయిదు నిముషాలు వదిలేస్తే తనే సర్దుకుంటాడు" అన్న ఒక్క పేజీ చాలు. ఐఈపీ మొత్తం చేతికిచ్చినా ఇరవై మందిని చూసే కుర్రవాడు చదవలేడు. ఈ పేజీ చదవగలడు.

ఖర్చు మాటేమిటని నిర్వాహకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కొందరు పిల్లలకు పక్కన ఒక మనిషి ఉండి తీరాలి. ఆ జీతం ఒక పేజీ కాగితంతో తీరదు. అందుకు ప్రజాధనమే కావాలి, కొంత ఉంది కూడా. సమాఖ్య ప్రభుత్వం 21వ శతాబ్ది సామాజిక అభ్యసన కేంద్రాల పేరుతో ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా రాష్ట్రాలకు ఇస్తోంది. కాలిఫోర్నియాలో 2002లో, గవర్నర్ కాకముందే, నటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ ముందుండి నడిపిన 49వ ప్రతిపాదనను ఓటర్లు గెలిపించడంతో ఆఫ్టర్‌స్కూల్‌కు శాశ్వత నిధుల దారి ఏర్పడింది. చిన్న వ్యాపారాలకు ఆదాయపు పన్నులో ఒక వెసులుబాటు ఉంది. ఏడీఏ ప్రకారం మార్పులు చేయడానికి 250 డాలర్లు దాటి, 10,250 డాలర్ల వరకు పెట్టిన ఖర్చులో సగం, అంటే గరిష్ఠంగా 5,000 డాలర్లు, పన్ను నుంచి తగ్గుతుంది. ఇవన్నీ కలిపినా చాలవని ఒప్పుకుంటాను. అయితే పక్కన మనిషి కావలసినవాళ్ళు ఎవరో, ముందుగా ఒక మాట చెబితే సరిపోయేవాళ్ళు ఎవరో తెలియనంతకాలం నిర్వాహకుడికి ప్రతి పిల్లవాడూ మోయలేని ఖర్చుగానే కనిపిస్తాడు. వివరం తెలిస్తేనే లెక్క తేలుతుంది, ఉన్న డబ్బు నిజంగా అవసరమైనచోటికి పోతుంది.

మిగతా పిల్లల సమయం పోతుందనే వాదన ఒకటి వినిపిస్తుంది. ఎవరో ఒకరు గంటసేపు కేకలు వేస్తుంటే పక్కవాళ్ళ హోంవర్క్ పాడవుతుంది, నిజమే. కానీ ఆ కేకలు మొదలవకుండా చేసే పద్ధతులు అందరికీ పనికొస్తాయి. రోజు వరుస బొమ్మల్లో కనిపిస్తే, ఇండియా నుంచి నిన్న దిగి ఇంగ్లీషు ఇంకా అందని పిల్లకూ ధైర్యం వస్తుంది. నిశ్శబ్దపు మూల, అమ్మ ఆలస్యమై బిక్కమొహం వేసినవాడికీ చోటిస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు వేరే కేంద్రాలు పెడితే మేలు కదా అనేవారూ ఉన్నారు. కొందరికి కొంతకాలం అవి అవసరమే. అయితే బడిలో పాఠం పక్కపక్కన కూర్చుని నేర్చుకోవచ్చు గానీ స్నేహం పెద్దలు వేసిన టైమ్‌టేబుల్ సడలినప్పుడే కుదురుతుంది. ఆ వేళలోనే విడదీస్తే, తరగతిలో కలిపి కూర్చోబెట్టిన ఫలం సగం పోతుంది.

ఇప్పుడు మన ముంగిట్లోకి వద్దాం. వారాంతపు తెలుగు తరగతులు, కూచిపూడి, కర్ణాటక సంగీతం, బాలవికాస్, ఇవీ బడి బయటి కార్యక్రమాలే. ఆలయం తానే నడిపే తరగతులకు ఏడీఏ వర్తించదు. మత సంస్థలను ఆ చట్టం మినహాయించింది. అంటే అక్కడ మనవాళ్ళ పిల్లలను మనమే ఎలా చూస్తామన్నది ఆ చట్టం మన మర్యాదకే వదిలేసింది. "మేం జీతం లేని వలంటీర్లం, శిక్షణ లేదు" అనే మాటలో నిజాయితీ ఉంది. వాళ్ళను వైద్యులుగా మారమని ఎవరూ అడగడం లేదు. అడగవలసిన ఒక ప్రశ్న అడగమంటున్నాం. తెలుగు తరగతుల విషయంలో మరొక మాట: ఈ పిల్లలకు రెండు భాషలు బరువని, ఇంగ్లీషు ఒక్కటే ఉంచమని ఇచ్చే సలహా ఇంకా వినిపిస్తోంది. ఆటిజం ఉన్న పిల్లలపై ఇంతవరకు జరిగిన అధ్యయనాల్లో రెండు భాషల మధ్య పెరగడం వల్ల హాని కనిపించలేదు. తెలుగు తీసేస్తే మాత్రం ఒక నష్టం కళ్ళముందే ఉంటుంది: వాడితో ఎంతసేపైనా ఓపికగా మాట్లాడే మనుషులు, ఇంగ్లీషు రాని అవ్వాతాతలు, వాడికి దూరమైపోతారు.

వలంటీర్లను అడగమన్న ఆ ప్రశ్న పెద్దదేం కాదు. ఆగస్టులో నింపే ప్రతి చేరిక ఫారంలోనూ, ఏ పిల్లవాడన్న తేడా లేకుండా, ఒక వరుస ఉండాలి: "మీ పిల్లలకు ఏది సాయం చేస్తుంది, ఏది ఇబ్బంది పెడుతుంది?" అందర్నీ అడిగితే జవాబు రాసేవాళ్ళు వేరుగా కనబడరు. వేరుగా కనబడరు కనుక రాస్తారు. రాసింది పిల్లవాణ్ణి చూసుకునే మనిషికి మొదటి రోజే చేరాలి, నెలకోసారి ఆ మనిషికి తెలిసింది ఇంటికి చేరాలి. అమ్మమ్మ ఉన్న ఆరు నెలలూ ఇల్లు ఎందుకు సజావుగా గడిచిందో ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదనిపిస్తుంది. ఆవిడకు ఐఈపీ అంటే తెలియదు. వాడికి పెరుగన్నం పెట్టే గిన్నె మారిస్తే ముద్ద దిగదని మాత్రం తెలుసు. ఆవిడ విమానం ఎక్కేలోగా ఆ మాట ఎవరో ఒకరు కాగితం మీద పెట్టాలి.