మామ్మ మంచం పట్టె

ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషను మీద బ్రతుకుతున్నదాన్ని నేను. జాకెట్టు కుట్టమంటే మాటలు చెప్పుకుంటూ కుట్టేస్తాను గాని, ఉలి పట్టుకోమంటే చెయ్యి వణికే మనిషిని. అలాంటి నేను మా ప్రక్కింటి మామ్మ మంచానికి పట్టె చేసి వేశానంటే మా వీధిలో కొందరు ఇప్పటికీ నమ్మరు. ఆ పనిలో నేను చేసిన తప్పు సంగతి వారికి తెలియదు. ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నది ఆ తప్పును గురించే.

2022 జూలై నెలలో, బాగా వానలు పడుతున్న రోజుల్లో జరిగింది. అర్ధరాత్రి ప్రక్కింట్లోనుంచి 'ఫెళ్' మని చప్పుడు వినిపించింది. నేనూ మా ఆయనా లాంతరు లైటు పట్టుకొని పరుగెత్తాము. మామ్మ నులక మంచం కాళ్ళవైపు అడ్డపట్టె విరిగిపోయి, ఆవిడ నేల మీదికి జారిపడి ఉంది. మోచేయి గీసుకుపోయిందే గాని, దేవుని దయవలన ఎముకకేమీ కాలేదు. ఎనభై ఏళ్ళ మనిషి. ఒంటరిగా ఉంటుంది. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం.

కొడుకు మంచివాడే. సంగతి తెలిసిన మూడోనాటికల్లా తెనాలినుంచి ఇనుప మంచం, దానిమీదికి పరుపు పంపించాడు. మామ్మ దానిమీద కూర్చుంటే కాళ్ళు నేలకు అందలేదు. ఆవిడవి మోకాళ్ళ నొప్పులు. రాత్రి రెండుసార్లయినా లేవాలి. ఆ మంచం దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. రెండు రాత్రులు నన్ను పిలిచింది. మూడో రాత్రి పిలవలేదు. తెల్లవారి వెళ్ళి చూస్తే, ఇనుప మంచం ప్రక్కనే నేలమీద చాప పరచుకొని పడుకొని ఉంది.

"అదేంటి మామ్మా, నన్ను పిలవచ్చుగా?" అన్నాను.

"నా మంచం మీదనుంచైతే నా అంతట నేనే లేచేదాన్నమ్మా. పాదం ఆనిస్తే చాలు. రోజూ నిద్రలో మిమ్మల్ని లేపడానికి నాకు మనసొప్పుతుందా?" అంది.

విరిగిన మంచాన్ని బాగుచేయించాలని మా ఆయన రెండు రోజులు తిరిగాడు. ఒకప్పుడు మా ఊళ్ళో మూడు వడ్రంగి కుటుంబాలుండేవి. వాళ్ళ పిల్లలంతా పట్నాల్లో ప్లైవుడ్డు పనులకు వెళ్ళిపోయారు. టౌనులో సామాన్ల కొట్టువాళ్ళు పాత మంచాలు మేము ముట్టుకోము, కొత్తది తీసుకోండి అన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర ఆడవాళ్ళమందరం ఈ మాటే అనుకుంటుంటే, నా నోటివెంట ఎలా వచ్చిందో గాని, "నేను చేసి చూస్తానులే మామ్మా" అన్నాను. అందరూ నవ్వారు. మామ్మ మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకొని, "చెయ్యమ్మా" అంది.

ఇంటికి వచ్చాక నాకు భయం పట్టుకుంది. జాకెట్టు పాడైతే గుడ్డ డబ్బులిచ్చి ఊరుకోవచ్చు. మంచం మళ్ళీ విరిగితే ఈసారి విరిగేది మామ్మ తుంటి ఎముక.

ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క వడ్రంగి తాత దగ్గరకు వెళ్ళాను. ఆయనకు చూపు దాదాపుగా పోయింది. వసారాలో అరుగు మీద కూర్చొని ఉంటాడు. సంగతంతా విని, "చూపు నాది పోయింది, చేతులు నీవి ఉన్నాయి. పెట్టె తియ్యి" అన్నాడు. చూరు క్రింద పెట్టెలో రంపం, మూడు ఉలులు, కొయ్యసుత్తి, మూలమట్టం, సానరాయి ఉన్నాయి. మొదటి రెండు రోజులూ నాచేత ఉలి నూరించడం తప్ప మరేమీ చేయించలేదు. "మొండి ఉలికి బలం ఎక్కువ పెడతావు. బలం ఎక్కువ పెడితే జారి నీ చేతిలోనే దిగుతుంది" అనేవాడు. నూరిన ఉలిని తన గోటిమీద ఆనించి చూసి, జారితే వెనక్కు ఇచ్చేవాడు. నాలుగైదు సార్లు ఇచ్చాడు.

తరువాత మంచం విప్పదీయడం. నులక మంచాలు మనం పుట్టినప్పటినుంచీ చూస్తున్నవే గాని, అవి ఎలా నిలబడతాయో నాకు అప్పుడే తెలిసింది. నాలుగు కోళ్ళు. ఒక్కో కోడుకు రెండు బెజ్జాలు. పట్టెల చివరలను నాలుకలాగా పలచగా చెక్కి ఆ బెజ్జాల్లోకి దిగగొడతారు. మేకు లేదు, బంక లేదు. నులక బిగువే నాలుగు పట్టెలనూ లోపలికి లాగి పట్టుకొని ఉంటుంది. అందుకే నులక వదులైతే మంచం కిర్రుమంటుంది. అల్లిక కాళ్ళవైపు జానెడు ఎడంగా ఆగిపోతుంది. అక్కడినుంచి అడ్డపట్టెకు వేరే తాడు లాగి బిగిస్తారు. విరిగింది ఆ పట్టే గనుక, ఆ తాడు ఒక్కటీ విప్పి, రెండు కోళ్ళు ఊడదీస్తే సరిపోయింది. అల్లిక చెడగొట్టే పని లేకుండా పోయింది. ఆ అల్లిక మామ్మ భర్త తన చేతులతో అల్లింది.

పట్టె ఎందుకు విరిగిందో కూడా అప్పుడే కనబడింది. ఎప్పుడో అది వదులైతే పైనుంచి ఒక ఇనుప మేకు దిగగొట్టారు. మేకు తుప్పు పట్టి, చుట్టూ చెక్క నల్లబడి పొడిపొడి అయిపోయింది. మామ్మకు చూపిస్తే, "అది మా అబ్బాయి పెళ్ళినాడు కొట్టింది. చుట్టాలొస్తున్నారని మీ తాత హడావిడిగా కొట్టాడు. తరువాత సరిచేస్తానన్నాడు" అంది.

కొత్త పట్టెకు చెక్క మా ఇంట్లోనే దొరికింది. పడగొట్టిన మా పాత పెంకుటింటి టేకు ద్వారబంధం ముక్క, మూడున్నర అడుగులది, పశువుల కొట్టంలో ఉంది. "పచ్చి చెక్క ఆరేకొద్దీ వంకర పోతుంది. తేలిక చెక్కలు బొమ్మలకు మంచివి. కొండపల్లివాళ్ళు పొణికి చెక్కతో చేస్తారే, అలాంటివి. మనిషి బరువు మొయ్యాలంటే ఇలా ఏళ్ళ తరబడి ఆరిన గట్టి చెక్క ఉండాలి" అన్నాడు తాత. మిల్లులో దాన్ని నిలువునా రెండుగా కోయించమన్నాడు. "ఒక్క పట్టెకు రెండెందుకు తాతా?" అంటే నవ్వి ఊరుకున్నాడు.

ఇక్కడే నా తప్పు జరిగింది. కుట్టుపనిలో గీత గీసి, గీత మీదే కత్తెర నడిపిస్తాము. కత్తెర గుడ్డను రెండు చేస్తుందే గాని తినదు. రంపం అలా కాదు. తన పళ్ళ మందాన్ని అది పొట్టుగా రాల్చేస్తుంది. గీతకు బయట, పారేసే వైపున కొయ్యాలి. తాత ఈ మాట చెప్పాడు కూడా. నేను విన్నాను. కాని చేతులకు ఇరవై ఏళ్ళ అలవాటు. గీత మీదే కోసేశాను. రెండు వైపులా కలిపి నాలుక ఒక నూలు మందం తగ్గిపోయింది. బెజ్జంలో పెడితే లొటలొట ఆడింది.

అప్పటికి సాయంత్రమైంది. చీకటి పడుతోంది. తాత లోపల భోజనం చేస్తున్నాడు. చుట్టూ ఎవరూ లేరు. నేను రాలిన పలచని పేళ్ళు రెండు తీసి, ఫెవికాల్ పూసి, నాలుకకు రెండు ప్రక్కలా అంటించి బెజ్జంలోకి కొట్టాను. గట్టిగా దిగింది. కదిపితే కదల్లేదు. పైకి చూస్తే ఎంతో పొందికగా ఉంది. లోపల ఏముందో ఎవరికీ కనబడదు గదా!

ఆ రాత్రి నిద్ర రాలేదు. ప్రార్థనకు మోకరించాను గాని మాట రాలేదు. కళ్ళు మూసుకుంటే ఆ తుప్పు పట్టిన మేకే కనబడింది. మామ్మ భర్త చెడ్డవాడు కాదు. చుట్టాలొస్తున్నారని తొందరపడ్డాడు. సరిచేద్దామనే అనుకున్నాడు. లోపలిది కనబడలేదు గనుక మరచిపోయాడు. ఏళ్ళు గడిచాక, ఆయన పోయాక, ఆ మేకు ఆయన భార్యనే క్రింద పడేసింది. నేను పెట్టిన పేళ్ళు ఎవర్ని పడేస్తాయో నాకు ముందే తెలుసు.

తెల్లవారకముందే తాత దగ్గరకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన పట్టె తెప్పించుకొని, వేళ్ళతో నాలుక తడిమి, పేళ్ళు అతికిన చోట ఆగాడు.

"ఇది ఇప్పుడు గట్టిగానే ఉంటుందమ్మాయ్. వానాకాలం గదా, చెమ్మకు చెక్క ఉబ్బి ఉంటుంది. ఎండలు ముదిరితే చెక్క ఆరి సన్నబడుతుంది. అప్పుడు ఈ పేళ్ళు ఊడి, నాలుక లోపల ఆడుతుంది. మనిషి పొర్లినప్పుడల్లా బెజ్జం గోడలకు కొట్టుకొని అరుగుతుంది. వేసవిలో విరిగేది" అన్నాడు. కాసేపాగి, "రెండో ముక్క ఎందుకు కోయించానో తెలిసిందా? నా మొదటి పట్టె కూడా మా నాయన పొయ్యిలో పెట్టాడు" అన్నాడు.

రెండో పట్టెకు మూడు రోజులు పట్టింది. మొదటిదానికి ఒక్క పూటే పట్టింది. ఈసారి టేపు ప్రక్కన పెట్టి, కోడునే తెచ్చి, బెజ్జం ఎంత ఉందో చెక్కమీద ఆనించి ఉలిమొనతో గీసుకున్నాను. గీతకు బయట కోశాను. నాలుక కొంచెం లావుగానే వచ్చింది. తరువాత ఉలితో కాగితమంత మందం చొప్పున తీయడం, పెట్టి చూడడం, మళ్ళీ తీయడం. ఎక్కువున్నది తీయగలం గాని తక్కువైనది అతికించలేమని నా చేతులకు అప్పటికి బోధపడింది. చివరకు చేతితో తోస్తే సగం దాకా వెళ్ళి ఆగింది. మిగతా సగం కొయ్యసుత్తితో కొడితే దిగింది. తాత చెయ్యి పెట్టి చూసి, "ఊఁ" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. నాకు అది చాలు.

మంచం కూర్చి, కాళ్ళ తాడు మా ఆయన చేత బిగువుగా లాగించాను. వెంటనే మామ్మను పడుకోనివ్వలేదు. మొదట ఒక ధాన్యం బస్తా వేసి రాత్రంతా ఉంచాను. తెల్లవారి తీసి చూస్తే అతుకు కదల్లేదు. తరువాత నేనూ మా ఆయనా ఇద్దరం ఎక్కి కాళ్ళవైపు కూర్చొని అటూ ఇటూ ఊగాము. వీధిలో పిల్లలు చూసి నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఆ సాయంత్రం మామ్మకు మొదటి పట్టె సంగతి కూడా చెప్పాను. చెప్పకపోయినా ఆవిడకు తెలిసేది కాదు. కాని ఆ పట్టె మీద పడుకోబోయేది ఆవిడ. "అయితే ఆ పాడైన పట్టె ఏం చేశావే?" అని మాత్రం అడిగింది. అది మా పెరట్లో ఆనపపాదుకు గుంజగా నిలబెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది. రోజూ నీళ్ళు పోసేటప్పుడు చూస్తుంటాను.

ఆ రాత్రి నేను మెలకువగానే ఉన్నాను. రెండు గంటలప్పుడు ప్రక్కింట్లో లైటు వెలిగింది. లేద్దామా వద్దా అనుకుంటున్నాను. మామ్మ చేతికర్ర చప్పుడు వాకిట్లోకి వెళ్ళింది, తిరిగి వచ్చింది. మంచం కిర్రుమనలేదు. లైటు ఆరిపోయింది. ఎవరూ ఎవరినీ పిలవలేదు.

ఆ వేసవి, దాని తరువాతి వేసవి కూడా గడిచాయి. ఎండాకాలం రాగానే వెళ్ళి పట్టె కదిపి చూసి, తాడు బిగించి వస్తాను. ఇప్పుడు మా వీధివాళ్ళు పీట కోడు ఊడినా, ఉట్టి కొయ్య విరిగినా నా దగ్గరకే తెస్తున్నారు. తెచ్చిన ప్రతిసారీ నా గుండె దడదడలాడుతూనే ఉంది. ఆ భయం పోవాలని ఒకప్పుడు కోరుకున్నాను. ఇప్పుడు కోరడం లేదు. నాచేత రెండుసార్లు కొలిపించేది, బస్తా వేయించేది ఆ భయమే.

చదువుతున్న అక్కచెల్లెళ్ళకూ అన్నదమ్ములకూ నేను చెప్పగలిగేది కొంచెమే. మీ ప్రక్కింట్లో ఇలాంటి పని ఏదైనా ఆగిపోయి ఉంటే, రాదని వెనుకాడకండి. తెలిసిన పెద్దవారిని అడగండి. వారికి చూపు లేకపోయినా చేతుల్లో జ్ఞాపకం ఉంటుంది. చెక్క రెండు ముక్కలు సిద్ధం చేసుకోండి. ఒకటి పాడైతే పాడైందని చెప్పి రెండోది అందుకోండి.