ప్రిసిల్లా బస్సులో ఒక నాన్న

1994లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా ‘ప్రిసిల్లా, క్వీన్ ఆఫ్ ది డెజర్ట్’ చూశారా? ఆడవేషాలు కట్టి ఆడిపాడే ముగ్గురు సిడ్నీ నుంచి ఎడారి దాటి ఆలిస్ స్ప్రింగ్స్‌కి బస్సులో వెళ్తారు. ఆ వేషాలకి ఆస్కార్ కూడా వచ్చింది. కడుపుబ్బ నవ్విస్తుంది.

నన్ను పట్టుకున్నది మాత్రం టిక్ భయం. విడిగా ఉంటున్న భార్య, చిన్న కొడుకు అక్కడే ఉన్నారు. తనని వేషంలో చూస్తే వాడు ఏమనుకుంటాడో! వేదిక మీంచి కొడుకుని చూడగానే స్పృహ తప్పి పడిపోతాడు పాపం.

తీరా పిల్లాడికి అన్నీ తెలుసు. నాన్నంటే ఇష్టమే.

మొగుడి మీది కోపాన్ని పిల్లల చెవిలో పోసే ఇళ్లు ఎన్ని చూడలేదు మనం! మారియన్ ఆ పని చెయ్యలేదు. ఎడారి దాటించింది బస్సే కావచ్చు, కొడుకుని తండ్రికి దగ్గర చేసింది మాత్రం ఆ తల్లే.