చింతపండుతో తోమిన రూపాయి

పాత నాణేల వ్యాపకం ఉన్నవారు మొట్టమొదట నేర్చుకునే సూత్రం ఒకటున్నది: నాణేన్ని ఎన్నడూ తోమరాదు. మా గోదావరి జిల్లాల ఇళ్ళలో ఆడవారు పాటిస్తూ వచ్చిన ఆచారం దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఈ రెండింటి నడుమ నా మనసు చాలాకాలం ఊగిసలాడింది.

అమెరికాలో నాణెం స్థితిని 1 నుండి 70 వరకు అంకెలతో లెక్కిస్తారు. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన అక్కడి తొలినాటి రాగి సెంట్ల కోసం ఈ పద్ధతిని ప్రతిపాదించాడు. 1 అంకె వచ్చిన నాణెం ధరకు 70 వచ్చినది డెబ్బై రెట్లు పలకాలన్నది ఆయన ఊహ. ధరల లెక్క నిలవలేదు గాని అంకెలు నిలిచాయి. 1878లో మొదలైన మోర్గాన్ వెండి డాలరును చేతికిస్తే, పరీక్షకుని చూపు ముందుగా స్వేచ్ఛాదేవి చెవి పైనున్న జుట్టు మీదికి, వెనుకవైపు గద్ద రొమ్ము మీదికి పోతుంది. ఎత్తైన చోట్లు కనుక అరుగుదల అక్కడ మొదలవుతుంది. అరిగిన నాణేనికీ ఒక అంకె దొరుకుతుంది. తోమినదానికి మాత్రం సాధారణంగా అంకె ఇవ్వరు. ‘తోమినది’ అని రాసి పంపుతారు. మురికితోపాటు టంకశాల ఇచ్చిన పైమెరుగు కూడా పోతుందని వారి వాదన. అది నిజమే.

కోనసీమలోని మా ఇంట వరలక్ష్మీ వ్రతానికి ముందు అమ్మ పెట్టెలోంచి వెండి రూపాయలు తీసేది. చింతపండు గుజ్జుతో తోమి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి కలశం ముందు పేర్చేది. విక్టోరియా రాణి కిరీటంలోని నగిషీ ఏనాడో నున్నబడిపోయింది. అమ్మకు ఈ అంకెలేవీ తెలియవు. గచ్చు మీద మోగించి, 1940 నుంచి వచ్చిన, సగమే వెండి ఉన్న రూపాయలను వేరుచేసేది. పూజకు పాతవే.

అమ్మ పోయాక ఆ పెట్టె నాకూ చెల్లెలికీ మిగిలింది. అందులో 1911 నాటి అయిదవ జార్జి రూపాయి ఒకటున్నది. రాజు ధరించిన హారంలోని ఏనుగు పందిలా కనిపిస్తున్నదని ఆనాడు ముస్లిములు అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం విడుదల ఆపి, చాలావరకు కరిగించి, 1912లో బొమ్మ సవరించింది. అందుకే సేకర్తలకు దానిపై మక్కువ. 11వ శతాబ్దిలో వరాహాన్నే రాజలాంఛనంగా బంగారు నాణెం నడుమ ముద్రించుకున్న రాజరాజనరేంద్రుడు ఏలిన సీమలో, ఆ రూపాయి ఏటేటా పూజలందుకున్నది. మా నాణెంపై ఇప్పుడు ఏనుగూ లేదు, పందీ లేదు. చింతపండు ఆ వివాదాన్ని తీర్చేసింది!

ఇకమీదట దానిని తోమవద్దని చెల్లెలిని కోరాను.

“అమ్మ తోమినదే కదా అన్నయ్యా! తోమకుండా అమ్మవారి ముందు ఎలా పెట్టను?” అన్నది.

పట్టిక దృష్టిలో అది పాడైన నాణెం. కానీ ఆ నునుపు ఎవరి వేళ్ళదో మా ఇద్దరికీ తెలుసు. అమ్మ చేతివ్రాత మాకు లేదు. ఆమె నేసినదీ, కుట్టినదీ ఏమీ మిగలలేదు. ఆ వెండి మీది అరుగుదలే ఆమె చేతిపని. మళ్ళీ తోమితే చెరిగేది రాజు బొమ్మ కాదు, అదెప్పుడో పోయింది. చెరిగేది అమ్మ అరగదీసిన తీరు. ఈ మాట చెప్పినప్పుడు చెల్లెలు కొంతసేపు ఊరుకుని, “అయితే దానికొక్కదానికీ మంచినీళ్ళు చాలులే” అన్నది. మిగతావాటికి చింతపండు యథాప్రకారం.

మిత్రులారా, మీ ఇళ్ళలోనూ ఇటువంటి కాసులు ఉండే ఉంటాయి. అంకె కట్టించినా, కట్టించకపోయినా, ఎవరి చేతులమీదుగా వచ్చాయో ఒక చీటీ మీద రాసి వాటితోపాటు ఉంచండి. టంకశాల సంవత్సరం ముద్రిస్తుంది గాని ఆ సంగతి ముద్రించదు.