మేక మూతికి అందని కొమ్మ

ఉమ్మడి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి గుట్టల మీద రేగుపొదను దగ్గరగా చూడాలి. మేకలు చిగుళ్లు కొరికిన కొద్దీ పక్క కొమ్మలు చిక్కగా అల్లుకుని, పొద నేలకు అణిగి ఉంటుంది. నడిమి కొమ్మ ఒక్కటి మేక మూతికి అందకుండా తప్పించుకుంటే చాలు, అదే పైకి లేస్తుంది. పక్కనే తంగేడు, జిల్లేడు పచ్చగా నిలబడి ఉంటాయి. మేకలు వాటి జోలికి పెద్దగా పోవు.

గుట్ట మీద ఏది మిగలాలో చాలావరకు పశువు నోరే తేలుస్తుంది. విత్తేదీ అదే. సర్కారు తుమ్మ కాయలు మేకలకు మహా ఇష్టం. గట్టి గింజల్లో కొన్ని అరగకుండా పెంటికలతో పాటు పడి మొలుస్తాయి. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఆ చెట్టు సీమ బీళ్లను కమ్మేయడంలో మందల పాత్ర తక్కువేం కాదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే అనంతపురంలో గుట్టలు బోసిపోయాయన్న నింద మందల మీద వేయడం తేలిక. కానీ గడ్డి మొదలు నుంచి పెరుగుతుంది. తేరుకునే వ్యవధి ఇస్తే మేసినా మళ్లీ లేస్తుంది.

1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుగా ఇక్కడి పల్లెలు కల్పవల్లి అని పిలిచే గుట్టలను నిప్పు నుంచి, గొడ్డలి నుంచి కాపాడాయి. వేల ఎకరాల్లో గడ్డి, చెట్టు తిరిగొచ్చాయి. మందలను తరిమేయలేదు.

బంజరని రాసి ఇలాంటి నేలను మరో పనికి అప్పగించే ముందు, అక్కడి గొర్రెల కాపరిని ఒక్క మాట అడగండి.